ముహూర్తం దగ్గరపడుతోంది, ఇల్లు సిద్ధం కాలేదు

ప్రశ్న: మాది నెల్లూరు. ఎనిమిదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. ఇంటీరియర్ పనులు చేసే ఒక చిన్న సంస్థలో డిజైనరుగా చేరి, ఏడాదిన్నర క్రితం ప్రాజెక్టు మేనేజరునయ్యాను. ప్రస్తుతం వేళచ్చేరి, షోళింగనల్లూరు, పెరుంబాక్కంలలో మూడు ఫ్లాట్ల పని నా చేతిలో ఉంది. ఏ ఇల్లూ చెప్పిన తేదీకి అప్పగించలేకపోతున్నాను. ఎవరిని అడిగినా ‘అయిపోతుంది మేడమ్’ అంటారు. చివరి వారంలో చూస్తే సగం పని అలాగే ఉంటుంది. మా సైట్ సూపర్‌వైజరు గారు నాకంటే పదిహేనేళ్లు పెద్దవారు, మా జిల్లావారే, ‘అన్నా’ అనే పిలుస్తాను. ఆయన నాకు చెప్పకుండా నేరుగా ఓనరుగారికి ఫోన్ చేసి పని వరుస మార్పించేస్తారు. క్లయింట్లు వాట్సాప్‌లో రోజుకో మార్పు పంపుతారు. ఆలస్యమైందని తెలియగానే ఓనరుగారు ఇంకో సైట్ నుంచి నలుగురిని పంపుతారు, దాంతో అది కూడా వెనకబడుతుంది. పెరుంబాక్కం వారికి జనవరి నెలాఖరులో గృహప్రవేశం. మనుషులచేత పని చేయించడం నాకు చేతకాదేమో, మళ్లీ డిజైనరుగానే వెళ్లిపోవాలేమో అనిపిస్తోంది. సలహా ఇవ్వగలరు.
ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మీ ఉత్తరంలో అందరి మీదా ఫిర్యాదులున్నాయి గానీ, వారిలో ఎవరైనా పని ఎగ్గొడుతున్నారని మీరు ఒక్కచోట కూడా రాయలేదు. వడ్రంగులు వస్తున్నారు, పెయింటర్లు వస్తున్నారు, సూపర్‌వైజరు గారు అవసరానికి మించే శ్రద్ధ చూపిస్తున్నారు, ఓనరుగారు అడగకుండానే మనుషుల్ని పంపుతున్నారు. అయినా ఇల్లు సమయానికి పూర్తి కావడం లేదు. కనుక మీ చేతకానితనం గురించిన అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టి, రోజులు ఎక్కడ ఖర్చయ్యాయో ముందు లెక్క తీయండి. ఇటీవల పూర్తయిన ఒక ఇంటిని తీసుకుని, మీ ఫోన్‌లోని సైట్ ఫొటోల తేదీలు, సరుకు బిల్లులు, హాజరు పుస్తకం దగ్గర పెట్టుకుని, ఏ గదిలో ఏ రోజు పని జరిగిందో, ఏ రోజు ఎవరూ అడుగు పెట్టలేదో ఒక కాగితం మీద రాయండి. పని జరిగిన రోజులకు దీటుగా, దేనికోసమో ఎదురుచూసిన రోజులు బయటపడతాయని నా నమ్మకం.

వంటగదినే చూడండి. గ్రానైట్ కోసే మనిషి కొలతలు తీసుకోవాలంటే కింది క్యాబినెట్లు లెవెల్ చూసి బిగించి ఉండాలి; సింకుకు ఎంత కోయాలో ఆయనకు తెలియాలంటే సింకు ఆ రోజుకు సైట్‌లో ఉండాలి; సింకు కొనాలంటే సింగిల్ బౌలో డబుల్ బౌలో ఇంటావిడ తేల్చి చెప్పాలి. ఆవిడ అమెరికాలో ఉన్న అమ్మాయిని అడిగి చెబుతానంటారు, పది రోజులు గడిచిపోతాయి. బండ పడితే తప్ప స్టవ్ వెనక గోడకు టైల్స్ వేయలేరు, టైల్స్ పడితే తప్ప స్విచ్ ప్లేట్లు బిగించలేరు, ఇవన్నీ అయితే తప్ప పెయింటరు చివరి కోటు వేయడు. పది నిమిషాల్లో తేలవలసిన ఒక్క నిర్ణయం నలుగురు పనివారిని ఆపింది. ఆ నలుగురినీ మీరు అడిగితే ‘అయిపోతుంది మేడమ్’ అనే అంటారు, అది అబద్ధమూ కాదు, ఎందుకంటే ఎవరి వాటా పని వారికి ఒక పూటదే.

ఈ గొలుసును కాగితం మీద పెట్టే పద్ధతిని 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన కంపెనీ, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థ కలిసి రూపొందించాయి. దాన్నే క్రిటికల్ పాత్ అంటారు. దాదాపు అదే సమయంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. రెండింటి సారమూ ఒకటే: వందల పనుల్లో అప్పగింత తేదీని నిర్ణయించేవి కొన్ని మాత్రమే, అవి ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి ఉంటాయి, మిగిలినవి రెండు రోజులు అటూ ఇటూ అయినా తేదీ కదలదు. మీరు ఎక్సెల్‌లో రంగురంగుల పట్టీలతో షెడ్యూలు తయారు చేస్తూనే ఉండవచ్చు, కానీ ఆ పట్టీలు ఏ పనికి ఎన్ని రోజులో చూపినంత బాగా ఏ పని ఎవరి కోసం ఆగి ఉందో చూపవు. మీ ఫ్లాట్లలో ఆ వరుస సాధారణంగా బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నిలిపి చూసే ఒకటి రెండు రోజుల పరీక్ష, టైల్స్, మాడ్యులర్ కిచెన్ ఆర్డరు, గ్రానైట్ మీదుగా పోతుంది. హాల్లో ఫాల్స్ సీలింగ్ రంగు ఒక రోజు వెనకబడిందని సైట్‌లో గొంతు పెంచే బదులు, కిచెన్ డ్రాయింగు మీద సంతకం కాలేదన్న సంగతికి నిద్ర మానుకోవడం మేలు.

ఇక తేదీలు చెప్పే విషయం. మనిషికి తన పని ఎంతలో అవుతుందో తక్కువగా ఊహించుకునే స్వభావం ఉందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లోనే రాశారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ కొందరు విద్యార్థులను తమ థీసిస్ ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగితే, సగటున 34 రోజులన్నారు. వాస్తవంలో పట్టింది 55 రోజులకు పైనే. అవి వారి సొంత పనులు, ఆపేవారు లేరు, అయినా లెక్క అంత తప్పింది. అందువల్ల వడ్రంగిని తేదీ అడగడం కంటే మీ సంస్థ పాత ఫైళ్లను అడగడం నయం. కొటేషన్‌లో 75 రోజులని రాసిన ఇళ్లు మొన్నటిదాకా 100 రోజులకు చేతికొస్తున్నాయనుకోండి, రాబోయే ఇంటికీ 100 రోజులే పడుతుందని అనుకుని మొదలుపెట్టండి. ఈసారి జాగ్రత్తగా చేస్తాం కాబట్టి తొందరగా అవుతుందనే మాటను ఓనరుగారి నోట విన్నా సరే, నమ్మకండి.

నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది వారం ప్రణాళిక గురించి. నిర్మాణ పనులను పరిశీలించిన గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990లలో ఒక సంగతి గమనించారు: ఈ వారం చేస్తామని ఒప్పుకున్న పనుల్లో వారాంతానికి పూర్తవుతున్నవి సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. కారణం వెతికితే, ఆ పనుల్లో చాలావాటిని సోమవారం నాడు మొదలుపెట్టడానికే వీలు లేదని తేలింది. సరుకు రాలేదు, ముందు పని ముగియలేదు, డ్రాయింగు ఖరారు కాలేదు. వారు సూచించిన మార్గం ఎంతో మామూలుగా కనిపిస్తుంది గానీ, నేను చూసినంతలో దానికి సాటి మరొకటి లేదు: చివరి ప్రణాళికను ఆఫీసులో కూర్చున్నవారు వేయకూడదు, పని చేయించే మేస్త్రీలే వేయాలి, అడ్డంకులు తొలగిన పనిని మాత్రమే వారం కాగితం మీదకు ఎక్కించాలి.

దీన్ని మీరు ఇలా చేయవచ్చు. ప్రతి శనివారం మధ్యాహ్నం, కూలి చెల్లింపుకు ముందు, ఒక్కో సైట్‌లో వడ్రంగి, ఎలక్ట్రీషియన్, పెయింటింగ్ మేస్త్రీ, సూపర్‌వైజరు గారు, మీరు ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడండి. ‘ఎప్పటికి అవుతుంది?’ అనే ప్రశ్నను పూర్తిగా మానేసి, ‘సోమవారం పొద్దున్నే మొదలుపెట్టడానికి ఏం తక్కువైంది?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు మర్యాద కోసం అయిపోతుందంటారు. రెండో ప్రశ్నకు మర్యాదగా చెప్పగల జవాబు నిజమొక్కటే. అప్పుడు మీకు వినబడేవి చిన్న చిన్న సంగతులు: బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ లామినేట్ రంగు ఇంకా చెప్పలేదు, హింజెస్ వచ్చాయి గానీ డ్రాయర్ చానెల్స్ రాలేదు, 8 అడుగుల ప్లైవుడ్ షీట్లు మామూలు లిఫ్ట్‌లో పట్టవు, సరుకుల లిఫ్ట్‌కు అసోసియేషన్ అనుమతి ఇంకా రాలేదు, పక్క ఫ్లాట్‌లో పిల్లలకు పరీక్షలని డ్రిల్లింగ్ వద్దంటున్నారు. వీటిలో వడ్రంగి తీర్చగలిగింది ఒక్కటీ లేదు, అన్నీ మీరు తీర్చవలసినవే. మేనేజరు ఉద్యోగమంటే చాలావరకు ఇదే, ఇందులో గొంతు పెంచవలసిన అవసరం అరుదుగానే వస్తుంది.

మరుసటి శనివారం, ఒప్పుకున్న పనుల్లో ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెట్టి, కానివాటికి ఎదురుగా కారణం ఒక్క ముక్కలో రాయండి. మొదట్లో లెక్క సిగ్గుపడేలా ఉంటుంది. దాన్ని చూసి ఎవరినైనా ఒక్కసారి అందరిముందు కోప్పడ్డారా, ఆ తర్వాతి వారం నుంచి మీకు అందంగా తయారైన లెక్కే అందుతుంది. కానిదాన్ని కాలేదని చెప్పిన మనిషికి ఆ రోజు నష్టం జరగకుండా చూడటం మీ చేతిలో ఉంది. ‘మంచిది, సోమవారమే చెప్పావు, బుధవారానికి సర్దుదాం’ అన్న మాట ఆయన మేనేజరు నోట అంతకుముందు విని ఉండడు. ఓనరుగారికి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మొదటి వారం లెక్క చూసి ఆయనే సైట్‌కు ఫోన్ చేస్తారు.

మనిషి ఊళ్లో ఉంటాడా అన్నది కూడా అడ్డంకుల్లో ఒకటే, చెన్నైలో దీన్ని చివరి క్షణం దాకా ఎవరూ తలుచుకోరు. మీ వడ్రంగులు బీహారు వారైతే దీపావళి తర్వాత ఆరో రోజున వచ్చే ఛఠ్ పూజకు ఇంటికి వెళ్తారు, ఆపడం కుదరదు, ఆపకూడదు కూడా. అయితే వారు రైలు టికెట్టు ముందే కొంటారు; 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అంటే వారి ప్రయాణం తేదీ మీకు రెండు నెలల ముందే తెలియగల సంగతి, అడగడమే తరువాయి. వీలైతే తిరుగు టికెట్టు కూడా సంస్థ తరఫున బుక్ చేయించండి, ఆ ఖర్చు ఒక రోజు ఆలస్యం కంటే తక్కువే అవుతుంది. తమిళ పెయింటర్లు పొంగల్‌కు వారం రోజులు దొరకరు. దీనికి తోడు ముహూర్తాల రద్దీ ఒకటి: ఆడి నెలలోనూ మార్గళిలోనూ ఇక్కడివారు గృహప్రవేశం చేయరు, మనవాళ్లకు ఆషాఢం, ధనుర్మాసం అడ్డు, అందుచేత అందరికీ ఆ తర్వాతి నెలలే కావాలి. జనవరి మధ్యలో తై నెల మొదలయ్యేసరికి ఊరంతా ఒకేసారి పెయింటర్లను వెతుకుతుంది. దానికి ముందరి మూడు నెలలు ఈశాన్య రుతుపవనాలవి, చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. చెమ్మలో పుట్టీ ఆరదు, ఆరని గోడకు ప్రైమర్ కొడితే పొక్కుతుంది. 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపానుకు వేళచ్చేరి, పెరుంబాక్కం వైపు ఏం జరిగిందో మీరు చూసే ఉంటారు. వీటిని అనుకోని అవాంతరాలని క్లయింటుకు చెప్పుకోవడం నాకు ఒప్పుగా తోచదు, ఏటా వచ్చేవే కదా.

ఈ లెక్కలన్నీ కలిపి వెసులుబాటు రోజులు తీసుకోవలసిందే, కానీ వాటిని ఒక్కో పనికి రెండేసి రోజులుగా పంచిపెట్టకండి. ఇచ్చిన సమయమంతా నిండేదాకా పని సాగుతుందని సిరిల్ పార్కిన్సన్ 1955లో వేళాకోళంగా రాసింది సైట్‌లో అక్షరాలా నిజం. ఆ రోజులన్నీ ఒక్కచోట, చివర పెట్టి, క్లయింటుకు అప్పగింత తేదీని ముహూర్తానికి కనీసం పన్నెండు రోజుల ముందుకు చెప్పండి.

సూపర్‌వైజరు గారి సంగతికి వద్దాం. మీరు డిజైనరుగా చేరిన నాటికే ఆయన అక్కడ ఉండి ఉంటారు, ఆయన కళ్లముందే మీరు పైకి వచ్చారు. ఆయన ఓనరుగారికి ఫోన్ చేయడాన్ని మీరు అవమానంగా తీసుకుంటున్నారు, అది సహజం. కానీ ఆయన కోణంలో, పదేళ్లుగా చేస్తున్న ఫోనే ఇప్పుడూ చేస్తున్నారు. ఈ తీగ తెగవలసింది ఓనరుగారి వైపు నుంచి. ఓనరుగారితో ఒంటరిగా కూర్చుని రెండు విషయాలు తేల్చుకోండి: పని వరుస, తేదీ, క్లయింటుతో మాట మీవి, కొలత, నాణ్యత, ఏ మనిషి ఏ పనికి తగినవాడన్నది సూపర్‌వైజరు గారివి. ఇకమీదట ఫోన్ వచ్చినప్పుడు ఓనరుగారు కోప్పడనక్కరలేదు, ‘అమ్మాయికి చెప్పావా?’ అని ఒక్క మాట అడిగితే చాలు. నాలుగుసార్లు ఆ ప్రశ్న ఎదురైతే ఐదోసారి ఫోన్ మీకే వస్తుంది. ఓనరుగారు ఆ ప్రశ్న అడగడానికి సిద్ధంగా లేకపోతే మాత్రం మీ సమస్య సూపర్‌వైజరు గారు కానే కాదు.

ఆయనను ‘అన్నా’ అని పిలవడం మానకండి. అధికారం కోసం హఠాత్తుగా ‘సూపర్‌వైజర్ గారూ’ అని మొదలుపెడితే సైట్ మొత్తం వారం రోజులు దాని గురించే మాట్లాడుకుంటుంది. శనివారం మాటల్లో ముందుగా ఆయన అభిప్రాయమే అడగండి, వడ్రంగుల తరఫున మాట ఇచ్చేది ఆయననే చేయండి. తాను నలుగురి ముందు ఒప్పుకున్న వరుసను తానే ఫోన్ చేసి మార్పించడం ఏ పెద్దమనిషికీ సులభం కాదు. విభేదించవలసి వస్తే టీ తాగేటప్పుడు పక్కకు తీసుకెళ్లి చెప్పండి. ఒక జాగ్రత్త: మీరిద్దరూ నెల్లూరు వారు కావడంతో మాటలన్నీ తెలుగులో సాగిపోతాయి, పక్కనున్న తమిళ పెయింటింగ్ మేస్త్రీకి, హిందీ మాట్లాడే వడ్రంగికి తమ గురించే ఏదో అనుకుంటున్నారనిపిస్తుంది. పనికి సంబంధించిన ప్రతి మాటా వారికి తెలిసిన భాషలో మళ్లీ చెప్పండి, వారంలో చేయవలసినవి గోడ మీద బొమ్మగీసి అతికించండి. తెలుగువాడికి మంచి పని ఇస్తున్నారన్న గుసగుస ఒకసారి మొదలైతే దాన్ని కూలి పెంచినా ఆపలేరు.

క్లయింట్ల మార్పుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మార్పు అడగడం వారి హక్కు, దాని ధరా రోజులూ తెలుసుకోవడం కూడా వారి హక్కే. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మార్పుకూ ఆ రోజే మూడు వాక్యాల జవాబు పంపండి: మీరు కోరిన మార్పు ఇది, ఇంత ఖర్చు, అప్పగింత ఇన్ని రోజులు వెనక్కి జరుగుతుంది, సరేనంటే ‘ఓకే’ అని రాయండి. ఆ ఓకే వచ్చేదాకా పనివాడి చెవిన వేయకండి. చాలా మార్పులు రోజుల లెక్క చూడగానే వాటంతట అవే వెనక్కి పోతాయి. అలాగే, లామినేట్, సింకు, కుళాయిలు, స్విచ్‌ల రకం, లైట్లు, వీటిలో ఏది ఏ తేదీలోపు ఎంచుకోవాలో అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం మీద ఇచ్చేయండి. ఆ తేదీలు మీరే చెప్పకపోతే తీరిగ్గా చెప్పవచ్చనే వారు అనుకుంటారు, వారి తప్పేమీ లేదు.

ఓనరుగారు పంపే నలుగురి విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. ఐబీఎంలో సిస్టమ్ 360 సాఫ్ట్‌వేర్‌ను నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లో రాశారు. నలుగురు పని చేసే చోట ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు 6; మరో నలుగురు వస్తే ఎనిమిది మందికి అవి 28. పెన్సిలు గీత ఏ వైపు కోయాలో, ఏ తలుపుకు ఏ లామినేటో కొత్తవారికి చెప్పడానికి పాత వడ్రంగి తన పని ఆపాలి. పైగా 8 అడుగులకు 10 అడుగుల వంటగదిలో ఇద్దరు వడ్రంగులు, ఒక హెల్పరు పడతారు, నాలుగోవాడు తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటాడు. అయితే పనిని గదులవారీగా విడదీయగలిగినప్పుడు, చెప్పవలసిందేమీ లేనప్పుడు మనుషులు పనికొస్తారు. మూడు బెడ్‌రూముల పెయింటింగు, చివరి శుభ్రపరచడం అలాంటివి. కనుక ఓనరుగారికి వద్దని చెప్పకుండా, ‘వడ్రంగులు వద్దు సార్, 18వ తేదీ నుంచి ఇద్దరు పెయింటర్లు కావాలి’ అని చెప్పండి. అంత కచ్చితంగా అడిగే మనిషి మాట కాదనడం ఏ యజమానికైనా కష్టం.

మూడు సైట్ల మధ్య తిరగడానికే మీ రోజు సరిపోతూ ఉండాలి. ఎక్కడ మంటలు లేస్తే అక్కడికి పరుగెత్తే బదులు, ఏ సైట్‌కు ఏ రోజు ఏ గంటకు వస్తారో ఖాయం చేసి అందరికీ చెప్పండి. మీ నిర్ణయం కోసం దాచుకున్న ప్రశ్నలన్నీ ఆ గంటకు సిద్ధంగా ఉంటాయి, మిగతా సమయంలో ఫోన్లు తగ్గుతాయి.

డిజైనరుగా వెనక్కి వెళ్లడం ఓటమేమీ కాదు, అది మీకు ఇష్టమైన పనైతే తప్పక వెళ్లండి. కానీ ఇప్పుడు, ఈ అలసటలో మాత్రం నిర్ణయించకండి. ఇంకో ఇంటిని ఈ పద్ధతిలో మొదటినుంచి చివరిదాకా నడిపి చూడండి. అప్పటికీ ఓనరుగారు మిమ్మల్ని అడగకుండా క్లయింట్లకు తేదీలు ఇస్తూనే ఉంటే, ఈ పని నేర్చిన మనిషికి చెన్నైలో వేరే చోటు దొరకడం కష్టం కాదు.

పెరుంబాక్కం వారికి ఈ వారమే ఫోన్ చేయండి. కిచెన్ ఫ్యాక్టరీ ఆర్డరుకు నెలన్నర పడుతుందనుకున్నా, దీపావళి సెలవుల్లోపు డ్రాయింగు మీద సంతకం కావాలి. సింకు, స్టవ్, చిమ్నీ మోడళ్లు అదే రోజు తేలాలి. పుట్టీ పని వానలు ముదరకముందే ముగించి, చివరి కోటు మాత్రం పొంగల్ ముందు వారానికి ఉంచండి, దానికి పెయింటర్లను ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చి ఖాయం చేసుకోండి. ఇవేవీ కుదరవని తేలితే, వంటగది, పూజగది, ఒక బాత్‌రూమ్ ముహూర్తానికి పూర్తిగా సిద్ధం చేసి, వార్డ్‌రోబ్‌లు ఫిబ్రవరిలో ఇస్తామని చెప్పండి. పాలు పొంగించడానికి వార్డ్‌రోబ్ అక్కరలేదు, ఆ మాట ఇప్పుడు చెబితే వారు ఒప్పుకుంటారు. జనవరి 20న చెబితే ఒప్పుకోరు.